వాడు, అతను, ఆయన: నవలలో బక్కవాడు ఎందుకు గుర్తుండిపోతాడు

గెలుస్తాడని ఎవరూ అనుకోని మనిషి, వెనక ఏ అండా లేని మనిషి, దారిలో అడ్డొస్తే అందరూ తోసుకుంటూ పోయే మనిషి. ఇంగ్లీషువాళ్ళు అండర్‌డాగ్ అనే ఒక్క మాటతో ఇతన్ని పిలుస్తారు. తెలుగులో సరిగ్గా ఆ మాట లేదు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో 'బక్కోడు' అంటారు. అందులో ఒంట్లో బలం లేదన్నదే వినిపిస్తుంది. 'దిక్కులేనోడు' అంటే జాలి ముందుకొస్తుంది. 'నోట్లో నాలుక లేనోడు' అంటే మెతక మనిషి. 'గతిలేనోడు' అంటే తిట్టే. ఈ నాలుగు మాటల్లోనూ ఒక పోలిక ఉంది. మాట్లాడేవాడు గట్టు మీద నిలబడి ఉంటాడు, ఎవరి గురించి మాట్లాడుతున్నాడో వాడు కింద ఉంటాడు.

'బలవంతమైన సర్పము చలిచీమల చేత జిక్కి చావదె సుమతీ' అని బళ్ళో నేర్చుకున్న పద్యం కూడా చీమల గుంపు గురించే చెబుతుంది. అందులో ఏ చీమకూ ముఖం లేదు. నవల ఆ గుంపులోంచి ఒక్క చీమను వేలి మీదికి ఎక్కించుకుని, అది ఎటు పోవాలనుకుంటోందో చూస్తుంది.

విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపుల ముందు కాసేపు నిలబడితే ఒక సంగతి అర్థమవుతుంది. నవల పేరు, రాసినవాళ్ళ పేరు రెండూ మర్చిపోయినవాళ్ళు కూడా పుస్తకం అడగ్గలరు. 'ఒక గుమస్తా ఉంటాడండీ, ప్రతిదానికీ భయపడుతుంటాడు, ఆ పుస్తకం' అంటే చాలు. 'నాటకాల పిల్ల సినిమా స్టార్ అవుతుంది చూడండి' అన్నా చాలు. పుస్తకాలతో పరిచయం ఉన్న షాపతనికి అర్థమైపోతుంది. అడిగినవాళ్ళను కథ మొత్తం చెప్పమంటే చెప్పలేరు. ఎవరు ఎవర్ని పెళ్ళి చేసుకున్నారో, ఊళ్ళో గొడవ ఎందుకు మొదలైందో కలిసిపోయి ఉంటాయి. ఆ మనిషి మాత్రం ఒకప్పుడు పక్క వాటాలో అద్దెకున్నవాడిలా గుర్తుంటాడు.

పాపం చాలా కష్టాలు పడ్డాడు కాబట్టి గుర్తున్నాడు అనేది చప్పున తోచే జవాబు. కానీ అది నిలబడదు. కష్టాలే కారణమైతే కష్టాలు ఎక్కువున్న పాత్రే ఎక్కువ గుర్తుండాలి. తెలుగు నవలల్లో అలా జరగలేదు.

డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' దీనికి మంచి సాక్ష్యం. 1950ల చివర్లో వచ్చిన నవల. విశాఖపట్నంలో ఒకే కప్పు కింద ఇద్దరమ్మాయిలు ఉంటారు. కల్యాణి పల్లెటూరు నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్ల. తండ్రి పోతాడు, నా అన్నవాళ్ళు ఉండరు, నమ్మిన ప్రకాశం తీరా సమయానికి నిలబడడు. ఇందిర ఉద్యోగం చేసి ఇల్లు నడుపుతుంటుంది. ఆ సంపాదన మీద తండ్రి ఆనందరావు బతికేస్తుంటాడు. లెక్క రాస్తే కల్యాణి పేజీయే నిండుతుంది. అయినా 60 ఏళ్ళు దాటాక కూడా పాఠకులు వాదించుకునేది ఇందిర గురించి. ఆమె చేసింది తప్పా ఒప్పా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నారు. కల్యాణి మంచి పిల్ల, ఆమెకు మంచే జరగాలని అందరూ కోరుకుంటారు. పుస్తకం మూసేటప్పటికి ఆ కోరిక తీరుతుంది, దాంతో ఆమెతో పని కూడా అయిపోతుంది. ఇందిరకు మాత్రం ఏం కావాలో ఇందిరకు తెలుసు. దాని కోసం చెయ్యి చాస్తుంది, ఒక్కోసారి పక్కవాళ్ళది లాక్కుంటుంది, తర్వాత ఎవర్నీ క్షమాపణ అడగదు. పాఠకుడు ఆమె మీద జాలి పడబోతే ఆమె ఒప్పుకోదు. అక్కడే ఆమె మనసులో ఇరుక్కుపోతుంది.

జాలి తొందరగా ఆరిపోతుంది. సినిమా హాల్లో వెక్కి వెక్కి ఏడ్చినవాళ్ళే బయటికొచ్చి పునుగుల బండి దగ్గర మామూలుగా మాట్లాడుకుంటారు. అది వాళ్ళ తప్పేమీ కాదు. జాలిలో కొంచెం హాయి ఉంటుంది. 'అయ్యో' అన్నాక మనిషి బరువు దిగిపోతుంది. కోరిక అలా కాదు. ఎదుటివాడికి ఏదో కావాలని తెలిశాక, దొరికిందో లేదో తెలిసేదాకా మనసు అక్కడే తిరుగుతుంటుంది. ఆ కోరిక ఎంత చిన్నదైతే అంత గట్టిగా పట్టుకుంటుంది. 'బాగా బతకాలి' అంటే గాలిలో మాట. దసరాకి కొత్త చొక్కా కావాలి, అదీ అన్నయ్య వేసుకుని విడిచింది కాకుండా. ఇలా అనగానే ఒక పిల్లాడు కనిపిస్తాడు.

ఇక్కడ తెలుగుకే ఉన్న ఒక సంగతి చెప్పుకోవాలి. బక్కవాడి గురించి రాసేటప్పుడు తెలుగు రచయిత మొదటి వాక్యంలోనే ఒక తీర్పు ఇచ్చేయాల్సి వస్తుంది. 'వాడు వచ్చాడు' అనాలా, 'అతను వచ్చాడు' అనాలా, 'ఆయన వచ్చాడు' అనాలా, 'ఆయన వచ్చారు' అనాలా? తప్పించుకునే దారి లేదు. మన వాక్యంలో మర్యాద కొలత కలిసే ఉంటుంది. మనిషి గది గుమ్మం దాటకముందే అతను ఎంత ఎత్తులో ఉన్నాడో చెప్పేస్తాం.

ఆడవాళ్ళ విషయంలో ఇది ఇంకా పదునుగా ఉంటుంది. 'వచ్చింది' అన్న క్రియ ఆమెకూ, ఆవుకూ, బస్సుకూ ఒకటే. తేడా అంతా 'అది', 'ఆమె', 'ఆవిడ' అన్న ముందు మాటలోనే ఉంది. పాత నవలలు కొన్ని తీసి చూస్తే, ఇంటి యజమానురాలు 'ఆవిడ', ఆ ఇంట్లో అంట్లు తోమే మనిషి 'అది'. పాత్రలు అలా పిలిస్తే అది లోకం తీరు, రాయాల్సిందే. కథ చెబుతున్న గొంతు కూడా అలాగే అంటే మాత్రం రచయిత ఇంటి యజమానురాలి పక్కన కుర్చీ వేసుకు కూర్చున్నట్టే. ఆ తర్వాత ఎన్ని కన్నీళ్ళు రాసినా ఆ కుర్చీలోంచే రాస్తాడు.

డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' పేరు ఈ కోణంలోంచి ఒకసారి చూడాలి. ఆ నవలలో ముసలాయనకు పేరు లేదు. పందులు కాసుకుని బతికే మనిషి. తప్పిపోయిన సూడి పంది కోసం పొద్దుగూకే వేళ అడవిలోకి పోతాడు. కథ అంతా దాదాపు ఆ ఒక్క రాత్రే. ఊళ్ళో అలాంటి మనిషిని ఎవరైనా ఏమని పిలుస్తారో వేరే చెప్పక్కర్లేదు. 'ముసలోడు' అంటారు, 'వాడు' అంటారు. రచయిత 'అతడు' అన్నాడు. కొంచెం పాతకాలపు, కావ్యాల్లో వీరుల పక్కన వినిపించే మాట. పేరు లేని పందుల కాపరికి ఆ మాట ఇచ్చి, పక్కన 'జయించాడు' అన్న రాజుల క్రియ పెట్టాడు. అట్ట మీదే కొలత మారిపోయింది. లోపల రచయిత అతని గురించి ఎక్కడా బతిమాలుకోడు. పంది అడుగుజాడ ఎలా గుర్తుపట్టాలి, నక్క ఎటునుంచి వస్తుంది, ఈనిన పంది దగ్గరికి ఎంత దూరం దాకా పోవచ్చు, ఇవన్నీ ఆ ముసలాయనకు తెలుసు, చదివేవాళ్ళకు తెలియదు. ఆ అడవిలో పాఠకుడే అజ్ఞాని. కింద ఉన్నాడనుకున్న మనిషి దగ్గర పాఠం నేర్చుకోవాల్సి వస్తుంది. జాలిపడే తీరిక దొరకదు.

తనకు తెలిసిన పనిలో బక్కవాడు ఎప్పుడూ బక్కవాడు కాదు. ఇది చాలామంది కొత్త రచయితలకు తట్టని విషయం. వాళ్ళు ఆ మనిషిని అవమానం జరిగే చోటే చూపిస్తారు, పని చేసే చోట చూపించరు.

గుంటూరు మిర్చి సంగతే తీసుకుందాం. సీజన్లో యార్డుకి వేల టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతాయి, చుట్టూ కోల్డ్ స్టోరేజీలు నిండిపోతాయి. షెడ్లలో ఆడకూలీలు గుట్టల ముందు కూర్చుని కాయలకు తొడిమలు తీస్తుంటారు, తాలు కాయలు వేరు చేస్తుంటారు. కూలి కిలోల లెక్కన. అక్కడ పనిచేసే ఒకామె మీద నవల రాస్తున్నారనుకుందాం.

మొదటి పద్ధతిలో ఆమె మూడు పేజీల్లో దగ్గుతుంది, తుమ్ముతుంది, కళ్ళు మండుతాయి. మొగుడు తాగుబోతు. పిల్లాడికి జ్వరం. గుమస్తా కసురుకుంటాడు. సాయంత్రం కూలి తక్కువ ఇస్తాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేకపోవచ్చు. కానీ ఆమె ఎవరైనా కావచ్చు. ఆమె స్థానంలో ఇంకొకరిని కూర్చోబెట్టినా ఒక్క వాక్యం మార్చక్కర్లేదు.

రెండో పద్ధతిలో ఆమె ఇంటికి పోయి చేతులు నాలుగుసార్లు కడుక్కుంటుంది. అయినా పిల్లాడి ముఖం తను తుడవదు. వాడికి కంట్లో నలక పడితే అత్తను కేకేస్తుంది. ఒకసారి మర్చిపోయి ముట్టుకుంది, ఆ రాత్రంతా వాడు నిద్రపోలేదు. అప్పట్నుంచి వాడు ఏడుస్తూ దగ్గరికొస్తే ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని మోచేత్తో దగ్గరికి తీసుకుంటుంది. షెడ్డులో మాత్రం ఆమెను మించినవాళ్ళు లేరు. కాయను చూడకుండానే తాలు కాయ తెలుసు, వేళ్ళకు తేలిగ్గా తగులుతుందిట. బుట్ట ఎత్తితే ఎన్ని కిలోలో చెప్పగలదు. కాటా దగ్గర గుమస్తా చెప్పే అంకె రోజూ ఆమె చేతికి తెలిసిన అంకె కంటే అరకిలో తక్కువ ఉంటుంది. పేదవాని కోపం పెదవికి చేటు. అందుకని మూడు రోజులు ఊరుకుంటుంది. నాలుగో రోజు, 'ఇంకోపాలి తూయండి' అంటుంది.

ఈ రెండో ఆమె కోసం పాఠకుడు పేజీ తిప్పుతాడు. అరకిలో మిరపకాయల కోసం ఊపిరి బిగబడతాడు. ఆమె అడిగింది న్యాయం అనే పెద్ద మాట కూడా కాదు, పుస్తకంలో అంకె సరిగ్గా పడాలని మాత్రమే. మోచేత్తో పిల్లాణ్ణి దగ్గరికి తీసుకోవడం ఒక్కసారి చూశాక, ఆమె పేరు మర్చిపోయినా ఆ మోచెయ్యి మర్చిపోవడం కష్టం.

కర్ణుడి చావుకు కారణాలు అనేకం అంటారు. శాపాలు ఎన్ని, ఎవరెవరు ఇచ్చారు అని అడిగితే పౌరాణిక నాటకాలు చూస్తూ పెరిగినవాళ్ళు కూడా తడుముకుంటారు. నేలలో దిగబడిన రథచక్రం మాత్రం అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. కథ మొత్తాన్ని ఒక వస్తువు, ఒక అవయవం, ఒక అలవాటు మోస్తుంది. రష్యన్ రచయిత గోర్కీ 1906లో రాసిన 'అమ్మ'ను క్రొవ్విడి లింగరాజు తెలుగులోకి తెచ్చారు. విజయవాడ, గుంటూరు, తెనాలి వైపు ఆ పుస్తకం చదివి పెరిగిన తరాలు ఉన్నాయి. ఆ నవలలో ఫ్యాక్టరీ, కరపత్రాలు, ఉపన్యాసాలు చాలా ఉన్నాయి. ఆ అమ్మ, నీలొవ్నాను తలుచుకుంటే ముందు గుర్తొచ్చేవి అవి కావు. ఆమె కుడి కనుబొమ పైన లోతైన మచ్చ ఒకటి ఉంటుంది. దాంతో కనుబొమ కాస్త పైకి లేచి ఉంటుంది. కుడి చెవి కూడా ఎడమ చెవి కంటే కొంచెం పైన ఉన్నట్టు కనిపిస్తుంది. ఎప్పుడూ భయంభయంగా ఏదో చప్పుడు వింటున్నట్టు ఉంటుంది ఆ ముఖం. మొగుడి చేత దెబ్బలు తిన్న ఏళ్ళన్నీ ఆ ముఖంలో ఉన్నాయి. తర్వాత ఆమె కరపత్రాలు పంచడానికి ధైర్యంగా బయల్దేరినప్పుడు కూడా ఆ కనుబొమ అలాగే ఉంటుంది. భయం పోలేదు, భయంతోనే నడుస్తోంది. అందుకే ఆ ధైర్యాన్ని నమ్ముతాం.

ఇక రావిశాస్త్రి 'అల్పజీవి' సుబ్బయ్య. తెలుగులో ఇంత పిరికి కథానాయకుడు ఇంకొకడు దొరకడం కష్టం. గవర్నమెంటు ఆఫీసులో గుమస్తా. భార్య తోబుట్టువు వెంకట్రావు మాట కాదనలేక కంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తీసుకుని చిక్కుల్లో పడతాడు. సంఘటనగా చెబితే అంతే, ఏ ఆఫీసులోనైనా జరిగేదే. సుబ్బయ్యను మరపురానివాణ్ణి చేసింది ఆ డబ్బు కాదు, అతని బుర్రలో జరిగే గొడవ. రావిశాస్త్రి మనల్ని సుబ్బయ్య ఎదురుగా కూర్చోబెట్టలేదు, సుబ్బయ్య లోపల కూర్చోబెట్టాడు. ఎదుటివాడు ఇంకా గొంతు పెంచకముందే ఇతను లోపల వణికిపోతుంటాడు. అనాల్సిన మాట ఒకటి, నోట్లోంచి వచ్చే మాట ఒకటి. ఆ టెన్షన్ ఆఫీసరు ముందు నిలబడ్డ ప్రతి మనిషికీ తెలుసు. పదిమందిలో ఒప్పుకోరు, అంతే. సుబ్బయ్య మన తరఫున ఒప్పుకుంటాడు.

ఇంకొకటి. సుబ్బయ్య అమాయకుడేమీ కాదు. అసూయ ఉంది, పరాయి స్త్రీ వైపు మనసు పోవడం ఉంది, తప్పని తెలిసీ డబ్బు తీసుకోవడం ఉంది. ఈ తప్పులు లేకపోతే అతను ఒక బాధితుడు, అంతవరకే. అతని పాట్లలో కొన్ని లోకం పెట్టినవి, కొన్ని అతనే నెత్తికి ఎత్తుకున్నవి. ఆ రెంటి మధ్య గీత ఎక్కడుందో పాఠకుడు వెతుక్కుంటూ ఉంటాడు. అలా వెతుక్కోవడమే గుర్తుండిపోవడం. పక్కన త్రిపురనేని గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' సీతారామారావును పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అతను కూడా మర్చిపోలేని మనిషే, కానీ బక్కవాడు కాదు. ఉన్నదంతా చేతులారా జారవిడుచుకున్నవాడు. అతన్ని ఎవరూ తొక్కలేదు. అతన్ని చూసి భయపడతాం, పక్షం వహించం.

బక్కవాడి కథ ఎవరు చెబుతున్నారన్నది కూడా చిన్న విషయం కాదు. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండు బయల్దేరతాడు. మద్రాసులో దొరల టోపీ అనుకుని ఆడవాళ్ళ టోపీ కొనుక్కుంటాడు. వందేళ్ళుగా నవ్వుతున్నాం. ఇంకెవరైనా పక్కన నిలబడి ఈ కథ చెప్పి ఉంటే పల్లెటూరివాణ్ణి ఎగతాళి చేసినట్టు ఉండేది. చెబుతున్నది పార్వతీశమే. తన మీద నవ్వే హక్కు తన దగ్గరే ఉంచుకుని, మనకు కొంచెం పంచిపెడతాడు. అందుకే ఆ నవ్వు ఎవర్నీ కించపరచదు. టోపీ తప్పుగా కొన్నాడు గానీ ఓడ ఎక్కే కోరిక మాత్రం వదల్లేదు, ఆ పట్టుదల నవ్వు కిందే దాగి ఉంటుంది.

గుంటూరు జిల్లా మనిషి ఉన్నవ లక్ష్మీనారాయణ. గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం పెట్టినాయన. పల్నాడులో పుల్లరి, అంటే అడవిలో పశువుల మేత పన్ను, కట్టమని సత్యాగ్రహం చేసిన రోజుల్లో జైలుకు పోయి, అక్కడే 'మాలపల్లి' రాశారు. 1922లో అచ్చయింది, తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. నవల మధ్యలో ఒక దళిత కుటుంబాన్ని నిలబెట్టి, కూలీల చేత వాళ్ళు మాట్లాడే తెలుగే మాట్లాడించడం ఆనాటికి ఎంత పెద్ద సాహసమో ఇప్పుడు ఊహించుకోవడం కష్టం.

ఆ గౌరవం అంతా ఉంచుకునే ఒక మాట చెప్పుకోవచ్చు. అందులో సంగదాసు నాయకుడు, కూలీలను కూడగట్టినవాడు, చౌదరయ్య కొట్టిన దెబ్బకు ప్రాణం పోగొట్టుకున్నవాడు. 'సంగవిజయం' అని నవలకు రెండో పేరు కూడా అతని మీదే ఉంది. అయినా మనసులో ఎక్కువ కాలం కూర్చునేది అతని తండ్రి రామదాసు. సంగదాసులో మచ్చ వెతికినా దొరకదు. అతని గురించి చదువుతుంటే చెప్పులు విడిచి నిలబడాలనిపిస్తుంది. రామదాసు అలా కాదు. భక్తి, తత్త్వాలు, వేదాంతం ఉన్న పెద్దమనిషి. కొడుకు చచ్చిపోయాక అదే వేదాంతంతో దుఃఖాన్ని ఆపుకోవాలి. అది ఆగుతుందా లేదా అని మనం చూస్తుంటాం. ఇంకో కొడుకు వెంకటదాసు తండ్రి దారి నచ్చక తిరుగుబాటు వైపు పోతాడు. ఒకే ఇంట్లో అన్యాయానికి ఇన్ని జవాబులు ఉండటం ఆ నవల బలం. అణగారిన మనుషులంతా ఒకేలా ఆలోచిస్తారని పైనున్నవాళ్ళు అనుకుంటారు, ఉన్నవ అనుకోలేదు.

దీన్నిబట్టి మర్యాద కొలత రెండువైపులా పొరపాటు చేయగలదని తెలుస్తుంది. 'వాడు' అని కిందికి తోసినా పాత్ర పోతుంది, 'ఆయన' అని విగ్రహంలా గద్దె మీద పెట్టినా పోతుంది. విగ్రహానికి ఆకలి వేయదు, అబద్ధం ఆడాలనిపించదు.

ఈ రెంటి మధ్య, పాత్రతో సమానమైన మట్టంలో నిలబడి రాయడం ఆ బతుకు బతికినవాళ్ళకు సులువా అంటే, సగం అవును. తెనాలిలో శారద పేరుతో రాసిన నటరాజన్ సంగతి తెలిసిందే. తమిళ దేశం నుంచి చిన్నతనంలో వచ్చి, హోటళ్ళలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, 'మంచీ చెడూ', 'అపస్వరాలు' లాంటి నవలలు రాసి, 1955లో చిన్న వయసులోనే పోయాడు. తాడికొండలో పెరిగిన రావూరి భరద్వాజకు హైస్కూలు చదువు కూడా పూర్తి కాలేదు. రకరకాల పనులు చేసి బతికాడు, చివరికి 2012 సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకున్నాడు. ఇలాంటివాళ్ళకు ఏ పనిలో ఏ వేలు నొప్పెడుతుందో ఒకరు చెప్పక్కర్లేదు. మిగతా సగం అయినా కష్టపడి సాధించుకోవాల్సిందే. సొంత కష్టం మీద సొంత జాలి పుట్టడం ఇంకా సులువు కాబట్టి.

భరద్వాజ 'పాకుడురాళ్ళు' మంజరి విషయంలో ఆ జాలిని దగ్గరికి రానివ్వలేదు. నాటకాలాడే చిన్న ఆర్టిస్టుగా మొదలైన పిల్ల మద్రాసు వెళ్ళి పెద్ద సినిమా స్టార్ అవుతుంది. వాడుకున్నవాళ్ళను తిరిగి వాడుకోవడం నేర్చుకుంటుంది. అబద్ధాలు, బేరాలు, ఎత్తుకు పైఎత్తులు అన్నీ వస్తాయి. ఒక దశలో ఆమె చేతిలో వేరేవాళ్ళు నలుగుతుంటారు. అప్పుడు ఆమె బక్కది కాదు కదా, ఇంకా ఎందుకు ఆమె వైపే ఉంటాం? పేరు వచ్చింది, డబ్బు వచ్చింది, మొదట్లో ఆమెకు కావలసిన మర్యాద మాత్రం రాలేదు. ఎక్కిన ప్రతి మెట్టు మీదా కాలు జారుతూనే ఉంది, నవల పేరే ఆ మాట చెబుతోంది. చివరికి ప్రాణం తీసుకుంటుంది. గెలిచిన బక్కవాడి కథ ఎలా రాయాలో ఇంత నిక్కచ్చిగా చూపిన నవలలు తక్కువ.

గెలిపించాలా ఓడించాలా అన్నది రాసేవాళ్ళను చాలా వేధించే ప్రశ్న. వీక్లీల కాలంలో సీరియల్ చివరి భాగం కోసం పాఠకులు ఎదురుచూసేవాళ్ళు, ఇప్పుడు ఫోన్లో యాప్‌ల మీద వచ్చే సీరియల్స్ కింద 'అతన్ని గెలిపించండి ప్లీజ్' అని రాస్తున్నారు. గెలిపిస్తే సంతోషిస్తారు. గుర్తుంచుకుంటారా అన్నది వేరే సంగతి. పైన చెప్పుకున్నవాళ్ళలో మామూలు అర్థంలో గెలిచింది ఎవరు? అడవిలోకి పోయిన ముసలాయనకు తెల్లారేసరికి చేతిలో మిగిలింది చాలా తక్కువ. అయినా పేరులో ఉన్న 'జయించాడు' అబద్ధం అనిపించదు. ఆ రాత్రి అతను అడవికి తల వంచలేదు, మనం పక్కనే ఉండి చూశాం. నవలలో గెలుపు ఫలితంలో ఉండదు, ఆ మనిషి అడగడానికి నోరు తెరిచిన క్షణంలో ఉంటుంది. ఆ తర్వాత వచ్చేదంతా, మంచైనా చెడైనా, పాఠకుడు మోయగలడు.

అందుకే మిర్చి షెడ్డులో ఆమె 'ఇంకోపాలి తూయండి' అన్నాక రచయిత తొందరపడకూడదు. షెడ్డు మొత్తం చప్పట్లు కొట్టక్కర్లేదు. గుమస్తా మనసు మారనక్కర్లేదు. రోజూ 'ఏమే' అని పిలిచేవాడు ఇవాళ 'ఏందమ్మా నీ గోల' అంటే చాలు, ఆ ఒక్క 'అమ్మా' ఎంత దూరం నుంచి వచ్చిందో తెలుగు పాఠకుడికి విడమర్చి చెప్పక్కర్లేదు. వెనక వరసలో బుట్టలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు గొణుక్కుంటారు, ఆలస్యమవుతోందని. అతను విసుక్కుంటూ బుట్ట మళ్ళీ కాటా మీద పెడతాడు. ఎర్ర అంకెలు అటూ ఇటూ ఊగి ఆగుతాయి. పుస్తకంలో ఒకటి కొట్టేసి పక్కన ఇంకోటి రాస్తాడు. ఆమెకు చదువు రాదు. బుట్ట దించుకుని, పక్కనున్న పిల్లను మోచేత్తో పొడిచి మెల్లగా అడుగుతుంది, 'ఎంత రాశాడే?'